మట్టి గోడలని రాసిన ఇల్లు

ఇళ్లు కొలవడానికి వెళ్లేటప్పుడు నా సంచిలో నాలుగు వస్తువులు ఉండేవి: యాభై అడుగుల టేపు, నోటుబుక్కు, పెన్సిలు, మడత కత్తి. మొదటి మూడూ పంచాయతీ వాళ్లు ఇచ్చారు. కత్తి నా సొంతం. ఇటుక గోడకు పైన పూత పూసేశాక లోపల ఇటుకల సందుల్లో ఉన్నది సున్నమో మట్టో కంటికి తెలియదు. ఒక మూల పూత కొంచెం తీసి కత్తి మొనతో గీరాలి. మట్టయితే పొడిగా రాలుతుంది. సున్నమయితే కత్తిని పోనివ్వదు. పాలిటెక్నిక్‌లో ఇది ఎవరూ నేర్పలేదు. నేనే కనిపెట్టానని గర్వంగా ఉండేది.

కొత్త పైసలు వాడుకలోకి వచ్చిన రెండు మూడేళ్లకు జరిగిన సంగతి. ముత్తుకూరుకు సముద్రం వైపున్న ఒక ఊళ్లో ఇంటి పన్ను సవరిస్తున్నారు. డిప్లొమా చేతిలో ఉండి ఉద్యోగం లేని నన్నూ, నాలాంటి మరో ఇద్దరినీ రోజుకూలి మీద పెట్టుకున్నారు. గోడలు దేనితో కట్టారు, కప్పు ఏమిటి, నేల ఏమిటి, ఈ మూడూ రాసుకుని వస్తే వాటిని బట్టి పన్ను వేస్తారు. అందువల్ల ఏ ఇంటికి వెళ్లినా మజ్జిగ గ్లాసు ముందు వచ్చేది, దాని వెనకే ఒక మాట వచ్చేది. "గోడలు మట్టని రాయి సార్, నీకు పుణ్యముంటాది." నేను మజ్జిగ తాగి, గోడ గీరి, ఉన్నదే రాసేవాణ్ణి. ఒక్క ఇల్లు తప్ప.

ఆ ఇంటి వసారా గదిలోనే నేను అద్దెకుండేవాణ్ణి. ఇంటావిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఊరంతా ఆమెను నర్సమ్మ అనేది. భర్త పడవలు కట్టే వడ్రంగి, నేను రాకముందే పోయాడు. ఆ ఇల్లు ఆయన కట్టించిందే. పులికాట్ వైపు నుంచి గుల్లలు తెప్పించి, కాల్పించి, గానుగ ఆడించిన సున్నంతో లేపిన గోడలవి. నాకు కూలి డబ్బులు ఆలస్యమైన నెలల్లో ఆమె అద్దె అడగలేదు. పనిలో పొద్దుపోయి వచ్చినా నా వాటా చేపల పులుసు మూతకింద ఉండేది.

ఆ వీధి నా వంతుకే వచ్చింది. ఆమె గోడను కూడా గీరాను. కత్తి ఆగిపోయింది. నోటుబుక్కు తీసి 'మట్టి' అని రాశాను. ఆ సాయంత్రం అన్నం దగ్గర ఆమెకు ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

"అమ్మా, మీకు పన్ను పెరగదు. గోడలు మట్టివని రాసేసినా."

"మట్టివా? ఆయన గానుగ కాడ కూసోని ఆడించిన సున్నం నాయనా అది! ఈ మాట ఆయన వినుంటే నీ చేత గది ఖాళీ చేయించుండేవాడు."

"కాగితం మీద గదమ్మా. గోడకేం తెలస్తాది?"

ఆమె నవ్వింది. నవ్వు ఆపి, "నేను నిన్ను అడగలేదు గదా?" అన్నది.

"మీరు అడగలేదు. నేనే రాసినా."

ఆమె నా కంచంలో ఇంకొంచెం పులుసు వేసింది. నేను దాన్ని కృతజ్ఞత అనుకున్నాను. ఏడాదికి ఆమెకు మిగిలేది నాలుగున్నర రూపాయలు.

తరువాత మూడేళ్లు గడిచాయి. అదే పంచాయతీలో నాకు ఓవర్సీరుగా తాత్కాలిక ఉద్యోగం దొరికింది. ఆఫీసు వెనక గదిలోకి మారాను. మిగతా ఇద్దరు కొలతగాళ్లూ ఊరు వదిలి వెళ్లిపోయారు. ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు కూడా కొత్తాయన. నా ఉద్యోగం ఖాయం చేయమని ఆయన పైకి రాయవలసి ఉంది.

ఆ రోజుల్లోనే నర్సమ్మ ఇల్లు అమ్మకానికి పెట్టింది. మోకాళ్లు సహకరించడం లేదు. నాయుడుపేటలో చెల్లెలుంది. చెల్లెలి వీధిలోనే రెండు గదుల ఇల్లొకటి చూసుకుని, రెండు వందలు బయానా ఇచ్చి వచ్చింది. ముందు గదిలో కాన్పులు చూసుకుంటూ ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలని ఆమె ఆలోచన. మిగతా పైకం మూడు నెలల్లో కట్టకపోతే ఆ ఇల్లూ పోతుంది, బయానా కూడా పోతుంది.

కొనడానికి మా ఊరి బడి అయ్యవారు ముందుకొచ్చాడు. నలుగురు పిల్లలతో అద్దె ఇంట్లో ఇరుక్కుని ఉన్నాడు. బేరం మూడు వేల ఆరు వందలకు కుదిరింది. సగం ఆయన దగ్గర ఉంది. మిగతా సగం నెల్లూరులో ఒక సహకార సంఘం అప్పుగా ఇవ్వాలి. ఆ సంఘం నియమాలు నాకు బాగా తెలుసు. సున్నంతోనో సిమెంటుతోనో కట్టిన ఇంటికయితే విలువలో సగం దాకా ఇస్తారు. మట్టి గోడల ఇంటికి ఒక్క రూపాయి ఇవ్వరు. గోడ దేనిదో చూడటానికి వాళ్లు కత్తి పట్టుకుని రారు. పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టరు నకలు అడుగుతారు.

అయ్యవారు నకలు కోసం వచ్చిన రోజు గుమాస్తా రాస్తుంటే నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. 'మట్టి' అని రాయడం చూశాను. నకలు తీసుకుని ఆయన సైకిలెక్కేదాకా ఒక అంచనా పట్టీని కూడుతున్నట్టు నటించాను. అది ఒక కల్వర్టు అంచనా. మూడుసార్లు కూడినా మొత్తం మూడు రకాలుగా వచ్చింది.

రెండు వారాలకు సంఘం అర్జీని తిప్పి పంపింది. అయ్యవారూ నర్సమ్మా కలిసి ఆఫీసుకు వచ్చారు. ఆఫీసరు రిజిస్టరు తెప్పించి చూశాడు. కొలిచినవాళ్ల పేర్లు అందులో రాయరు.

"ఏందమ్మా ఇది? పన్ను కట్టేటప్పుడు మట్టి గోడలు, అమ్మేటప్పుడు సున్నం గోడలా? మంచి గోడలే!"

అయ్యవారు బతిమాలాడు. "సార్, మీరొచ్చి చూడండి. ఆ గోడకు మేకు దిగదు."

"గోడ సంగతి నాకెందుకయ్యా, నాకు రిజిస్టరు ముఖ్యం. నోటీసు ఇచ్చిన ముప్ఫై రోజుల్లో చెప్పుకోవాల. మూడేళ్లు కమ్మగా ఊరుకున్నారు. ఇప్పుడు ఒకటే దారి. రాసినోడు వచ్చి, నేనే తప్పు రాసినానని కాగితమిస్తే దిద్దుతా. లేదంటే వచ్చే సవరణ దాకా ఆగాల." ఆమె వైపు తిరిగాడు. "ఎవరు కొలిచినారు నీ ఇల్లు?"

ఆమె కళ్లజోడు తీసి పైట కొంగుతో తుడుచుకుంది. తుడవడం అయిపోయినా మళ్లీ తుడిచింది. నా వైపు చూసిందో లేదో నాకు తెలియదు. నేను బీరువా వైపు తిరిగి ఉన్నాను.

"నువ్వు కూడా అప్పుడు కొలిచినోడివే గదయ్యా," ఆఫీసరు నన్ను అడిగాడు. "ఆ వీధి ఎవరికొచ్చింది?"

ఆ వీధిలో ఎన్ని గడపలున్నాయో, వాటిలో ఎన్నిటికి పెంకు కప్పో అప్పటికప్పుడు చెప్పగలను నేను.

"గుర్తులేదు సార్."

వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఎవరో పరాయి ఊరి పిల్లోళ్లు సార్. మొహం కూడా గుర్తులేదు నాకు."

అయ్యవారు వెనక్కి తగ్గాడు. చివరికి ఆ ఇంటిని ఎండుచేపల వ్యాపారి ఒకడు రొక్కానికి కొన్నాడు. అతడికి అప్పుతో పనిలేదు. రిజిస్టరులోనే మట్టి గోడలని ఉంది గదా అని బేరమాడి తొమ్మిది వందలు తగ్గించాడు. ఈ బేరం తెమిలేలోపు నాయుడుపేట గడువు దాటిపోయింది. చేతికొచ్చిన పైకానికి అక్కడ మరో ఇల్లు రాలేదు. ఆమె సామాను బండికెత్తుతున్న రోజు నేను పనుందని ఊరవతల చెరువు కట్ట కొలుస్తూ గడిపాను. ఆ నెలలోనే నా ఉద్యోగం ఖాయమైంది.

ఆరు నెలల తరువాత ఒక ఆదివారం నాయుడుపేట బస్సెక్కాను. జేబులో ఒక కాగితం ఉంది. ఆ ఇల్లు కొలిచింది నేనే, తెలిసే తప్పు రాశాను అని రాసి, కింద సంతకం పెట్టి ఉంచాను.

ఆమె చెల్లెలి ఇంటి పంచలో తడికె కట్టిన మూలన ఉంటోంది. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె. ఇంకేమైనా పెట్టుకోవడానికి చోటు లేదు. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, బైబిలు ఇంకా ఒళ్లోనే ఉంది.

"రా నాయనా. పర్మనెంటు అయిందంట గదా?"

"అయిందమ్మా."

"మంచిది. చిక్కిపోయినావే. యాడ తింటుండావు?"

కాగితం అందించాను. నిదానంగా చదివింది. రెండోసారి చదవలేదు.

"ఆ పొద్దు నువ్వు చెప్తావని చూసినా. నువ్వు గుర్తులేదన్నాక, నేను గుర్తుంది అంటే నువ్వు అబద్ధాలకోరువు అయ్యేవాడివి. అందుకని నేనూ ఆడినా." బైబిలు మీద చెయ్యి వేసి ఉంచింది. "ఇల్లు పోతే పోయింది, నాకేం పిల్లలా జెల్లలా. అరవై ఏళ్లు వచ్చినాక ఆఫీసులో నిలబడి అబద్ధం ఆడితినే అని, దానికే ప్రార్థన చేసుకుంటుండా."

నష్టం మొత్తం నేను ఇంటి దగ్గరే లెక్కగట్టి వచ్చాను: తగ్గించిన ధర, పోయిన బయానా, బండి కిరాయి. నా జాబితాలో ఇది లేదు.

కాగితం మడిచి తిరిగి నా చేతిలో పెట్టింది. "దీన్ని నేనేం చేసుకునేది? ఇయ్యాల్సిన చోట ఇయ్యి పో. అన్నం తిని పో."

తిన్నాను. మరుసటి ఉదయం ఆఫీసరు రాగానే కాగితం ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వేనా? ఆ రోజే చెప్పొచ్చు గదయ్యా."

"ఉద్యోగం పోతుందని భయపడినాను సార్."

"రోజుకూలి మీద ఉన్నప్పుడు రాసిందానికి ఉద్యోగం పీకుతారా ఎవరన్నా? నాలుగు తిట్లు తిట్టి దిద్దుండేవాణ్ణి. పాపం, ఆ ముసలామె నిలబడి నిలబడి వెళ్లిపోయింది."

రిజిస్టరు తెప్పించాడు. ఎర్ర సిరాతో 'మట్టి' కొట్టేసి, పైన 'సున్నం' అని రాసి, పక్కన పొడి సంతకం పెట్టాడు. నన్ను కూడా పెట్టమన్నాడు. ఇక నుంచి ఆ ఇంటికి ఏడాదికి నాలుగున్నర రూపాయలు ఎక్కువ కట్టవలసింది ఎండుచేపల వ్యాపారి. అద్దుడు కాగితం వేసి తడి ఆరగానే రిజిస్టరు మూసేశాడు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు.