అక్క చేతికి మడత కత్తి

మడత కత్తులు చేసే ఆయన్ని ఇంట్లో అందరూ పరాకు అనే పిలిచేవారు. పిలిస్తే ఓ పట్టాన పలకడు, పలికినా ఆ గొంతు ఇంకెక్కణ్ణుంచో వస్తున్నట్టుంటుంది. ముద్ద చేత్తో పట్టుకుని కిటికీ గడియ వంక చూస్తూ ఉండిపోతే, "ముందు తినండి, గడియ ఎక్కడికీ పోదు" అని భార్య గదమాయించేది. పదునుదేముంది, సానరాయి ఉన్నవాడెవడైనా పెడతాడు. తెరిచిన కత్తి తెరిచినట్టే నిలబడాలి, మనం మడిస్తేనే మడుచుకోవాలి. ఆ నిలబెట్టే లాకు మీదే ఆయన ప్రాణమంతా.

ఊరి చివర ఆయన అక్కకి పూలమొక్కల నర్సరీ ఉంది. గులాబీలకు అంటు కట్టడంలో ఆవిడ పెట్టింది పేరు. పక్షవాతం వచ్చి తగ్గాక, కొమ్మని బల్లకి నొక్కిపట్టేంత బలమే కుడిచేతికి మిగిలింది. కత్తి ఎడమచేతికి మారింది. కోయడం అలవాటైంది గానీ ఒంటిచేత్తో మడవడం మాత్రం కుదరలేదు. తెరిచిన కత్తి జేబులో వేసుకుని వంగితే ఇంకేమన్నా ఉందా! అందుకని రోజూ పొద్దున్నే తమ్ముడు వెళ్లి పక్కన కూర్చునేవాడు. ఆవిడ కోసేది, ఆయన మడిచి ఇచ్చేవాడు. దాంతో ఆవిడకు తల కొట్టేసినట్టుండేది. ఇలా ఒకరి మీద ఆధారపడేకంటే నర్సరీ మూసేస్తానని కూడా అంది.

ఆ మాటకే ఆయన కొత్త కత్తి చేశాడు. పిడి లోపల సన్నటి ఉక్కు రేకు ఉంటుంది. బ్లేడు తెరవగానే అది జరిగి వెనక అడ్డం నిలుస్తుంది, బొటనవేలితో పక్కకు తోస్తే తప్పుకుంటుంది. ఆ పనివాళ్లలో ఒక అలవాటుంది: కొత్త కత్తి వీపుని బల్ల అంచుకేసి కొట్టి, లాకు వదలకపోతేనే ఇంకొకరి చేతికిస్తారు. ఆయనా కొట్టి చూశాడు, వదల్లేదు. కానీ కొట్టింది తన కుడిచేత్తో. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు.

అక్క ఎడమచేత్తో బిగించి పట్టుకుని ముదురు కొమ్మలో తిప్పగానే, ఆవిడ వేళ్లే ఆ రేకుని తోసేశాయి. బ్లేడు వేలి మీదికి మడుచుకుంది. రక్తం చూసి ఆయన ముఖం పాలిపోయింది. ఆవిడే గుడ్డ చుట్టుకుంటూ నవ్వింది.

"ఏడవకు. దీన్ని నీ చేతికి చేసుకున్నావురా, నా చేతికి కాదు."

"నా బుద్ధి గడ్డి తిందక్కా."

మర్నాటి నుంచి ఆయన కుడిచేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసుకుని తిరిగాడు. బొత్తాం పెట్టుకోవడం రాదు, సీసా మూత రాదు. "పరాకు ముదిరింది" అని భార్య నిట్టూర్చి, తనే బొత్తాలు పెట్టింది.

ఒక మధ్యాహ్నం పనిబల్ల మీదే తల వాల్చాడు. ఎండలో ఇనుప రజను మెల్లగా తేలుతోంది. కునుకులో తను పిడి లోపల నడుస్తున్నాడు. రెండు వైపులా ఎత్తైన ఉక్కు గోడలు, చల్లగా, నీళ్లలా మెరుస్తున్నాయి. ఎదురుగా బ్లేడు పెద్ద తలుపంత ఉంది. దాని వెనక, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా ఒక కడ్డీ. ఇటు కొస తను పట్టుకున్నాడు. అటు కొస పట్టుకుని అక్క, రెండు జడల పిల్ల, కిలకిలా నవ్వుతోంది. ఎవరు లాగినా కడ్డీ వెనక్కి జరుగుతోంది, వదిలితే మళ్లీ వచ్చి తలుపుకి ఆనుకుంటోంది. లేచేసరికి చెంప మీద ఆకురాయి గీతలు పడి ఉన్నాయి.

అలాగే చేశాడు. పిడికి రెండు పక్కలా కొసలు కనిపించే చిన్న కడ్డీ, దాన్ని ముందుకు నెట్టే సన్నటి స్ప్రింగులు. ఈసారి బల్లకేసి ఎడమచేత్తోనే కొట్టాడు.

అక్క తెరిచింది, కోసింది, కడ్డీ వెనక్కి లాగింది. బ్లేడు బుద్ధిగా మడుచుకుంది. చిన్నపిల్లలా మళ్లీ మళ్లీ తెరిచి మూసింది.

"ఇంక నువ్వు రానక్కర్లేదురా! హాయిగా నీ పని చూసుకో!"

ఆయనా నవ్వాడు. గేటు దాటాక మాత్రం వెనక్కి తిరిగి చూశాడు. ఆ పొద్దుటిపూటల్లో వాళ్లమ్మ గురించి, చిన్నప్పటి దెబ్బలాటల గురించి, ఏళ్ల తరబడి అనుకోని మాటలన్నీ అనుకున్నారు. వాటిని తన చేతులతోనే పోగొట్టుకున్నానని దిగులేసింది.

మర్నాడు పొద్దున్నే కాళ్లు వాటంతటవే నర్సరీకి నడిచాయి.

"ఆ స్ప్రింగు ఓసారి చూద్దామని..." అని నసిగాడు.

"నిక్షేపంలా ఉంది," అంది అక్క, కత్తి జేబులోంచి తియ్యకుండానే. "నాకే తోచట్లేదు. కూర్చో."