మామయ్య అరుగు మీది ఆదివారాలు

మొన్న మా తమ్ముడి కొడుకు మండపేట నుంచి వచ్చాడు. బడిపంతులు ఉద్యోగం చాలదన్నట్టు ఈమధ్య వాడికి వచనం రాసే పిచ్చి కూడా పట్టుకుంది. రాజమహేంద్రవరంలో రెండు సమాజాల వాళ్ళు రమ్మంటున్నారనీ, అందులో ఒకరు ఏడాది తిరక్కుండా బిరుదు కూడా ఇస్తామన్నారనీ, ఎందులో చేరితే మంచిదో చెప్పమనీ అడిగాడు. నేను నవ్వుతూ కూర్చుంటే, పెద్దనాన్నకు మతి తప్పిందేమోనని వాడు మా ఆవిడ వంక చూశాడు.

ఆ వయసులో నాకూ ఇదే చిక్కు వచ్చింది. అప్పుడు నేను ధవళేశ్వరంలో కాలువల కచేరీ గుమాస్తాను. ఆనకట్ట కట్టక మునుపు వచ్చిన కరువు సంగతి నా ఈడు వాళ్ళంతా ఇంట్లో పెద్దల నోట వినే ఉంటారు. ఆ కరువులో మా అమ్మ ఎనిమిదేళ్ళ పిల్ల. ఏడాది నిండని తమ్ముణ్ణి చంకనేసుకుని, మండపేట దగ్గరి పల్లె నుంచి అమ్మమ్మ వెంట రాజమహేంద్రవరం దాకా నడిచి వచ్చింది. ఆ కథ రాసి అమ్మకు వినిపించాలని నా కోరిక. ఏటా చలికాలంలో ఆవిడకు ఉబ్బసం ముదిరేది, మరుసటి ఏటికి ఉంటుందో ఉండదో అని మాకు బెంగ, అందుకే నాకంత తొందర.

నాన్న వైపు దూరపు బంధువు ఒకాయన మేడలో ఆదివారం ఆదివారం సభ జరిగేది. పన్నీరు చల్లేవారు, పాలకోవా పెట్టేవారు, ఎవరేం చదివినా భేష్ అనేవారు. ఒకరు పొగిడితే రెండోవారు తిరిగి పొగడటం అక్కడి మర్యాద. నేనూ ఆ రుచి మరిగాను. ఎక్కడ భేష్‌లు పడుతున్నాయో చూసుకుని అక్కడల్లా సమాసాలు దట్టించాను. చివరకు పస్తులున్న పిల్లకు కలువరేకుల కన్నులూ హంస నడకా వచ్చి కూర్చున్నాయి. ఆ నలభై పుటలూ పట్టుకెళ్ళి అమ్మకు చదివాను. ఆవిడ ఎంతో భక్తిగా విని, "చాలా బాగుంది నాయనా. ఇంతకీ ఎవరి పిల్ల, పాపం?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది.

అమ్మ చంకనెత్తుకున్న ఆ తమ్ముడే మా మామయ్య. రాజమహేంద్రవరంలో వీధిబడి నడిపేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఆయనా, ప్రార్థన ముగించుకుని వచ్చే మిషను బడి మాష్టారూ, వైద్యం చేసే మామయ్య బావమరిదీ అరుగు మీద కూర్చుని ఒకరి రాతలు ఒకరు చూసుకునేవారు. వాళ్ళ పద్ధతి వింతది. రాసినవాడు తన రాత తాను చదవకూడదు. కాగితాలు మరొకరి చేతికిచ్చి, బుగ్గ నిండా తాంబూలం పెట్టుకుని కూర్చోవాలి. చదవడం అయ్యేదాకా ఉమ్మకూడదు, నోరు విప్పకూడదు. చదివేవాడు తడబడినచోటా, వినేవాడు ఆవలించినచోటా సిరా గీత పడేది.

నా నలభై పుటలూ పట్టుకుని అక్కడికి వెళ్ళిన మొదటి ఆదివారం మాష్టారు నా కలువరేకులు దాటేలోపల మూడుసార్లు ఊపిరి తీసుకున్నారు. మామయ్య బావమరిది నోరంతా తెరిచి ఆవలించాడు. నేనిక ఉండబట్టలేక లేచి వీధిలో ఉమ్మేసి వచ్చి, అది వర్ణన అనీ, మేడలో దానికే అందరికంటే ఎక్కువ మెప్పు వచ్చిందనీ వాదనకు దిగాను. మాష్టారు కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, "ఇవాళ్టికి అయిపోయిందండి" అన్నారు. మామయ్య మాత్రం ఊరుకోలేదు. "ఏంట్రా, నీ రాత చదివే ప్రతివాడింటికీ వెళ్ళి పక్కన కూర్చుని చెప్తావా ఏంటి?" అన్నాడు.

కోపంతో రెండు వారాలు అటు తొంగి చూడలేదు. మూడో ఆదివారం మేడలో నాకు శాలువా కప్పుతామని కబురొచ్చింది. ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరినవాణ్ణి, లోపల అమ్మ దగ్గు వినపడి గుమ్మంలోనే ఆగిపోయాను. ఆవిడ అడిగినదానికి ఆ శాలువా జవాబు కాదని అప్పుడు తోచింది. తిన్నగా మామయ్య అరుగుకే వెళ్ళాను. ఆ పూట మామయ్య నా తాంబూలంలో రెండాకులు ఎక్కువ వేసి చుట్టాడు.

వారానికి రెండు మూడు పుటల చొప్పున చదివించుకుంటూ పోతే, చలికాలం వచ్చేసరికి నలభై పుటలూ పదకొండయ్యాయి. గంజి పోసేచోట మనిషికొక దొప్పెడు పోస్తే, ఆ పిల్ల తన దొప్ప కూడా తమ్ముడికే పట్టేసి, తాగేశానని తల్లితో అబద్ధమాడి మూతి తుడుచుకోవడం అందులో మిగిలింది. అమ్మ ఎప్పుడో ఒకసారి నాకొక్కడికే చెప్పిన ముచ్చట అది. మాష్టారు అది చదువుతుండగా మామయ్య లేచి పెరట్లోకి పోయాడు. బావి దగ్గర చేద చప్పుడు చాలాసేపు వినపడింది. ఆయనకు ఆ సంగతి తెలియదు. అక్క ఎన్నడూ చెప్పలేదు. తిరిగొచ్చి ఆ పుట మీద ఒక్క గీతా గీయలేదు.

అమ్మకు వినిపించిన రోజు ఆవిడ గోడకు చేరగిలబడి కూర్చుంది. దొప్ప దగ్గరకు వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది. ఎవరి పిల్ల అని అడగలేదు. మెల్లిగా, "ఇది మీ మామయ్య చెవిన వెయ్యలేదు కదా నాయనా?" అంది. నేను లేదన్నాను. జన్మలో నేనాడిన అబద్ధాలన్నిటిలో నన్ను బాధపెట్టనిది అదొక్కటే. మామయ్య కూడా ఆ మాట ఆవిడ ముందు ఎత్తలేదు. ఆ చలికాలం అమ్మ గట్టెక్కింది, మరుసటిది గట్టెక్కలేదు.

ఇదంతా చెబితే మా తమ్ముడి కొడుకు బుద్ధిగానే విన్నాడు, కాని బిరుదు వైపే మొగ్గుతాడని నా అనుమానం. వాడి వయసు అలాంటిది. ఇప్పుడు సభలకు కుర్చీలొచ్చాయి, అచ్చు నోటీసులొచ్చాయి, ఎవరిది వారే లేచి చదువుకుంటున్నారు, తప్పు చూపినవాడు పగవాడవుతున్నాడు. నేను నా జన్మలో నాలుగు మంచి ముక్కలు రాశానంటే అది ఆ ముగ్గురు గీసిన గీతల పుణ్యమే, ఆ ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు వెళ్ళిపోయారు. ఇది రాసి రెండుసార్లు చదువుకున్నాను. మామయ్య ఉంటే ఇందులో సగం కొట్టేయించేవాడు. ఆ సగమేదో నాకు తెలియడం లేదు.