టార్పాలిన్ పరిచిన ఏడాది

నారాయణఖేడ్‌లో నాది కందులు కొనే చిన్న దుకాణం. బస్తాలు దింపేటప్పుడు, తూకం వేసేటప్పుడు ముందున్న అరుగు మీద గింజలు రాలుతాయి. వాటిని ఊడ్చుకుని, చెరిగి, మట్టి తీసి అమ్ముకునే ఆడమనిషి ఒకామె మా నాన్న కాలం నుంచీ ఉండేది. దుకాణం శుభ్రం చేసినందుకు ఆమెకు దక్కేవి ఆ రాలిన గింజలే. జీతం అన్న మాట ఎప్పుడూ రాలేదు.

ఆమె దగ్గరలో ఉంటే హమాలీలు బస్తాకు కొక్కెం కాస్త గట్టిగా వేసేవాళ్లు. ఇంకో దోసెడు రాలేది. రైతులు చూసి కూడా ఊరుకునేవాళ్లు. నేనొక్కణ్ణే దాన్ని దొంగతనం అనుకున్నాను. నాన్న పోయిన మరుసటి ఏడాది, కందులు రావడం మొదలవగానే అరుగంతా టార్పాలిన్ పట్టా పరిపించాను. రాలినవి ఎత్తి మళ్లీ బస్తాల్లో పోయించాను.

"ఏం సేటు, గీ పట్టా మీద పండుకుంటవా ఏంది?" అన్నాడొక హమాలీ. అందరూ నవ్వారు. ఆమె చీపురు పట్టుకుని నిలబడింది.

"నేనేం ఊడ్వాలె సేటు?"

"ఊడ్చుడు బందు. ఇగ రాకు."

"గట్లయితే జీతమన్న పెట్టు."

"అసలు నిన్ను పనికి పెట్టుకున్నదెవరు?"

"మీ నాయిన" అని, చీపురు చంకన పెట్టుకుని అరుగు దిగింది.

ఆమె చుట్టుపక్కల దుకాణాలు తిరిగింది. ప్రతి అరుగుకూ ఊడ్చే మనిషి అప్పటికే ఉంది. యాభై దాటిన మనిషి, ఆ వారమే చెరకు కొట్టే గుంపుతో కర్ణాటక పోయింది. ఆ కందుల కాలమంతా కలిపి నాకు మిగిలింది రెండు బస్తాలు. ఊడ్చే అక్క ఏదని ఒక రైతు అడిగితే, తనే మానేసిందని చెప్పాను.

ఆ అబద్ధం నన్ను వదల్లేదు. మరుసటి ఏడాది పట్టా తీసేయించాను. గింజలు రాలాయి, ఆమె రాలేదు.

పోయిన నెల బస్టాండులో కనిపించింది.

"మళ్లా రా. పట్టా తీసేసిన" అన్నాను.

"మోకాళ్లు వంగుతలేవు సేటు. చెరకు కాడనే పోయినయి. మంచంల కూసోని ఊడ్వమంటవా?" అని నవ్వింది.

తప్పు నాదేనని చెప్పడానికే దగ్గరికి వెళ్లాను. ఆ మాటకు బదులు, బస్సు ఎప్పుడొస్తుందని అడిగాను. అంతలో నాగల్‌గిద్ద బస్సు వచ్చింది. ఆమె రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టు మీద ఆగుతూ ఎక్కింది. వెనకాలవాళ్లు "జల్దీ ఎక్కు" అని తోస్తున్నారు. పక్కనే నిలబడి ఉన్నాను. చెయ్యి కూడా అందించలేదు.