పచ్చబొట్టు కింది టీకా

నా ఎడమ జబ్బ మీద ఒక తేలు ఉంటది. పచ్చబొట్టు తేలు. దాని మూలంగనే నా ఎనిమిది నెలల బిడ్డ పద్దెనిమిది దినాలు నాకు దూరమైంది. ఇది విని నవ్వేటోళ్ళు నవ్వుకోండ్రి, నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

అప్పుడు మేము మందమర్రిల బాయి కూలీల లైన్లల్ల ఉంటుంటిమి. మా ఆయన బొగ్గుబాయిల దిగుతుండె. ఇంట్ల నేను, చంటిబిడ్డ, మా అత్తమ్మ. అత్తమ్మది జమ్మికుంట పక్క పల్లె. మనుమరాలు పుట్టిందని వచ్చి మా కాడనే ఉండిపోయింది. బిడ్డను ఒక్క గడియ కింద పెట్టనిచ్చేది కాదు. జొన్నరొట్టె ముక్క తన నోట్లె మెత్తగ నమిలి, వేలుతోని తీసి దాని నోట్లె పెడుతుండె. మా దిక్కు ముసలమ్మలందరు గట్లనే పెడుదురు. అది తప్పని ఎవ్వరికీ అనిపించలే, నాకూ అనిపించలే.

నాలుగిండ్ల అవతల ఒకాయన క్షయతోని చచ్చిపోయిండు. వారం దాటక ముందే పరీక్ష చేసేటోళ్ళు వచ్చిండ్రు. లైన్ల ఉన్నోళ్ళందరికి ముంజేతి మీద సన్న సూది. "మూడో దినం వచ్చి చూస్తం. గడ్డ లేస్తే ఒంట్ల క్షయ పురుగు ఉన్నట్టు, లేవకుంటే లేనట్టు" అన్నడు సూది వేసినాయన. పేరు రాసుకుంట నన్ను అడిగిండు, "చిన్నప్పుడు క్షయ టీకా ఏమన్న పడ్డదా అమ్మా?"

"లేదు సార్, అమ్మవారి టీకానే" అన్న. ఆయన నా జబ్బ దిక్కు చూసిండు. తేలు కనిపించింది. ఏదో గీసుకొని పక్కింటికి పోయిండు. బిడ్డను మాత్రం అత్తమ్మ కొంగుల దాచుకొని పెరట్లకు పోయింది. దానికి సూది పడనియ్యలే.

రెండో దినం పొద్దుగాల చూసుకుంటే నా చెయ్యి ఎర్రగ ఉబ్బి ఉన్నది. నా పై పాణం పైనే పోయింది. పసుపు రాసిన. సల్ల నీళ్ళు పోసిన. గంటకొకసారి వేలు పెట్టి ఒత్తి చూసిన, తగ్గిందా అని. ఎంత ఒత్తితే అంత గట్టిగ తగిలేది. నీళ్ళ కాడ ఆడోళ్ళు చేతులు చూపించుకుంటుంటే నేను కొంగు కప్పుకొని వచ్చేసిన. అత్తమ్మ చెయ్యి చూస్తే నున్నగ, సూది పడ్డ జాడ గూడ లేదు.

మూడో దినం ఆయన పట్టీ పెట్టి కొలిచిండు. అత్తమ్మను చూసి "ముసలమ్మకు ఏం లేదు" అన్నడు. నన్ను చూసి కొంచెం దూరం జరిగిండు. "నీకు పురుగు ఉన్నది. కరీంనగర్ పోయి ఛాతి ఫోటో తీయించుకో. అప్పటిదాంక చంటిదాన్ని దగ్గరికి తియ్యకు."

అత్తమ్మ లోపటికి పోయి ఒక సత్తు పళ్ళెం తీసి, దాని అంచుకు మొలతోని గంటు పెట్టి, నా ముంగట పెట్టింది. "ఇగ దీంట్లనే తిను పిల్లా. మా గిన్నెలు ముట్టకు" అన్నది. ఆ పొద్దటి ప్యాసింజర్‌కే బిడ్డను చంకనేసుకొని ఊరికి పోయింది. బిడ్డ నా దిక్కు చేతులు చాపి ఏడుస్తుంటే నేను గోడ పట్టుకొని నిలబడ్డ. మా ఆయనను అడిగిన, "మీ అవ్వను ఆపవా?" అని. "ఆపితే పిల్లకు అంటుతది" అన్నడు తల దించుకొని.

మా ఆయనకు సెలవు దొరికి, కరీంనగర్ పోయి, ఫోటో తీయించి, తెమడ పరీక్షకిచ్చి, అవి చూసే డాక్టరు దొరికేసరికి పద్దెనిమిది దినాలు. ఆ దినాలల్ల రొమ్ములు రాళ్ళయితుండె. పాలు పిండి చిక్కుడు పాదుల పోస్తుంటి. పోసుకుంట అత్తమ్మను తిడుతుంటి. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టిన. ఆమె ముంగట అనే ధైర్యం లేక చిక్కుడు తీగకు చెప్పుకున్న. ఇంకోదిక్కు భయం. ఎనిమిది నెలలు పాలిచ్చిన కదా, పురుగు ఇప్పటికే బిడ్డకు పోయిందేమో. నా పాలే దానికి విషమైనయేమో.

డాక్టరు సాబ్ ముసలాయన, ఉర్దూ తెలుగు కలిపి మాట్లాడుతుండె. ఫోటోను వెలుతురుకు పెట్టి చానసేపు చూసిండు. "బేటీ, ఫికర్ చెయ్యకు. ఫోటో సాఫ్ ఉన్నది. తెమడల గూడ ఏం లేదు" అన్నడు. నేను నమ్మలే. "మరి గడ్డ లేచె కదా సాబ్" అన్న.

ఆయన నా జబ్బ చూసిండు. తేలు మీద బొటనవేలు పెట్టి రుద్దిండు. "దీని కింద గుంత ఉన్నదేంది?"

అప్పుడు యాదికొచ్చింది. జమ్మికుంటల నాలుగో తరగతి చదివేటప్పుడు బడికి సూదులు వేసేటోళ్ళ మోటరుబండి వచ్చింది. ముందుగాల ముంజేతికి సూది వేసిండ్రు. మూడో దినం వచ్చి, గడ్డ లేవని పిల్లలను పక్కకు నిలబెట్టి, జబ్బకు ఇంకో సూది వేసిండ్రు. అది పుండై, చీము పట్టి, నెలలకు నెలలు కారి, గుంత పడ్డది. అమ్మవారి టీకానే మళ్ళ వేసిండ్రనుకున్నది మా అవ్వ. "ఆడపిల్ల జబ్బ మీద గింత మచ్చేంది" అని, పచ్చబొట్లు పొడిచే ఆమెను పిలిచి దాని మీద తేలు పొడిపించింది. నాకు నొప్పి ఒక్కటే యాదున్నది. ఆ టీకా దేనికో మాకెవరు చెప్పిండ్రు, మేమెవరిని అడిగినం?

డాక్టరు సాబ్ నవ్విండు. "గదే క్షయ టీకా. టీకా పడ్డ ఒంటికి ఆ పురుగు ఎరుకైతది. ఇప్పుడు సూది మందు తగలంగనే గుర్తుపట్టి గడ్డ లేపింది. అది నీ రోగం కాదు, నీ టీకా."

నాకు ఏడుపు ఆగలే. ముక్కు తుడుచుకుంట, "పోనీ సాబ్, ఇన్ని దినాలు బిడ్డ మా అత్తమ్మ కాడ పైలంగ ఉన్నది. ఆమెకు గడ్డ లేవలే" అన్న.

"ఆమె మనిషి ఎట్లుంటది?"

"సన్నగైంది. జర దగ్గు ఉంటది. చుట్ట తాగుతది కదా."

"ఎన్ని నెలల సంది?" ఆయన ముఖంల నవ్వు పోయింది. "గడ్డ లేవాలంటే ఒంట్ల సత్తువ ఉండాలె బేటీ. రోగం ముదిరి సత్తువ అయిపోయినోళ్ళకు ఒక్కొక్కసారి లేవనే లేవది. ఇయ్యాల్నే పో. ఇద్దరినీ తీసుకరా."

బస్సుల కూసున్ననే గాని నాకు దారి కనపడలే. నమిలిన రొట్టె, ఆమె వేలు, నా బిడ్డ నోరు, ఇవే కండ్లల్ల తిరిగినయి. పల్లెల వాకిట్లకు పోయేసరికి అత్తమ్మ గద్దె మీద కూసోని గదే చేస్తున్నది. నేను ఉరికిపోయి ఆమె చెయ్యి పట్టి గుంజిన. రొట్టె కింద పడ్డది. బిడ్డ నన్ను గుర్తుపట్టలే. నాయనమ్మ దిక్కే తిరిగి ఏడిచింది.

అత్తమ్మ ఫోటోల రెండు దిక్కులా మచ్చలే. తెమడల పురుగు దొరికింది. సూదులు, మందులు ఏడాదికి పైన సాగినయి. బిడ్డకు గూడ ముంజేతి సూది వేసి, "మూడో దినం చూద్దాం. దీనికి టీకా లేదు కాబట్టి గడ్డ లేస్తే మాత్రం మామూలు సంగతి కాదు" అన్నడు డాక్టరు సాబ్. ఇప్పుడు లేవకున్నా రెండు నెలలకు మళ్ళ చూడాలన్నడు. ముందే చెప్తున్న, ఆ రెండోసారి గూడ లేవలే, దానికి టీకా వేయించినం, ఇప్పుడది ఇద్దరు పిల్లల తల్లి. కాని నాకు మొదటి మూడు దినాలే యాదున్నయి.

మందమర్రికి వచ్చినంక అత్తమ్మ తనంతట తనే గంటు పెట్టిన సత్తు పళ్ళెం తీసుకొని పెరట్ల చివరకు పోయి కూసున్నది. ఎవ్వరం పొమ్మనలే. ఆన్నుంచి ఇంట్లకు రాలే, బిడ్డ పిలిస్తే ముఖం తిప్పుకునేది. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి దూరం నుంచే అడిగేది, "లేచిందా?" అని. "ఇంకా లేదు" అనేదాన్ని.

మూడో దినం కరీంనగర్ పోయి డాక్టరు సాబ్‌కు చూపించి వచ్చి, పెరట్ల నిలబడి బిడ్డ చెయ్యి పైకెత్తి చూపించిన. "లేవలే అత్తమ్మా" అన్న.

ఆమె కొంగు నోట్లె కుక్కుకొని ఏడిచింది. కొంగు తీసి, "నన్ను తిట్టు పిల్లా. నిన్ను దూరం గెదిమి, నా ఎంగిలి నేనే దానికి పెట్టిన" అన్నది.

చిక్కుడు తీగకు చెప్పిన తిట్లన్ని నా నోట్లెనే ఉన్నయి. నోరు తెరిచిన. "అన్నం సల్లారిపోతది, తిను" అన్న.