దారంతో కట్టిన పేరు

ఆర్విల్ టాస్కర్‌కి ఆ లావు అక్షరాలంటే ఒళ్లు మంట. ఇల్లినాయ్‌లోని ఆ చిన్న ఊరి ప్రెస్సులో నలభై ఆరేళ్లుగా సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు. సన్నని, పదునైన అక్షరాలకు అలవాటుపడ్డ చెయ్యి అతనిది. షికాగో నుంచి దిగిన ఈ కొత్త అక్షరాలకు ఎక్కడా ఒక్క కోణం లేదు. కాళ్ల కొసలు కూడా పులిసిన పిండిలా ఉబ్బి గుండ్రంగా ఉంటాయి. సాసేజ్‌ల కొట్టువాడికీ, టైర్ల దుకాణానికీ, చర్చి విందుకీ అవే కావాలి. వీధి అవతలినుంచి కూడా కనిపిస్తాయట. అంత లావున్నాక కనిపించక చస్తాయా అని గొణుక్కునేవాడు.

యజమాని లైల్ బర్డెట్ ఆ ప్రెస్సులోనే పాకి పెరిగినవాడు. చిన్నప్పుడు ఆర్విల్‌ని బాబాయ్ అనేవాడు, తండ్రి పోయి కుర్చీ దక్కాక ఏవయ్యా అంటున్నాడు. మొన్న వసంతంలో ఆర్విల్ జ్వరంతో వారం రోజులు మంచం పట్టాడు. ఆ వారంలోనే లైల్ సన్న అక్షరాలన్నీ సీసం కరిగించి కొత్తవి పోతపోసే ఫౌండ్రీకి తూకానికి వేసి, బదులుగా మరిన్ని లావువి తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ దెప్పుకోవడమే తప్ప మాటల్లేవు.

ఒక్కటి మాత్రం మిగిలింది. అక్కడి పాత కంపోజిటర్లు తాము పోయినప్పుడు ఊరికి తెలిపే చావు కార్డు తామే ముందుగా కూర్చి, ఆ అక్షరాలను దారంతో కట్టి, సొరుగులో దాచుకుంటారు. పోయిన తేదీ ఒక్కటే ఖాళీ. ఆర్విల్ తనది ఎప్పుడో సన్న అక్షరాల్లో కూర్చుకుని సొరుగుకి తాళం వేసుకున్నాడు.

నవంబరులో లైల్ తల్లి అగస్టా పోయింది. ఊరి దుకాణాల అద్దాలకు అంటించే కార్డును ఆర్విల్ లావు అక్షరాల్లో కూర్చి ప్రూఫు తీసి ఇచ్చాడు. అందులో ఆవిడ పేరు 'ఈ వారం చవక' అన్న సరుకుల ప్రకటనలా నవ్వుతోంది.

"మా అమ్మని అమ్మకానికి పెట్టావేంటయ్యా?" అన్నాడు లైల్.

"ఉన్నవాటితో కూర్చాను. మిగతావి తూకానికేసింది నువ్వేగా."

ఆ మాట అనడానికి ఆర్నెల్లు కాచుకున్నాడు. తీరా అన్నాక నోరు చేదయింది. పదిహేనేళ్ల వయసులో తను పనిలో చేరిన చలికాలం, ప్రెస్సువాళ్ల ఇంటి కొత్త కోడలు అగస్టా రోజూ మధ్యాహ్నం వేడి సూపు తెచ్చి, గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడేది.

లైల్ తల వంచుకున్నాడు. "బాబాయ్, నీ సొరుగులో ఉన్నాయిగా."

ఆర్విల్ వాణ్ణీ, ఫౌండ్రీనీ, షికాగోనీ నోటికొచ్చినట్టు తిట్టాడు. తిడుతూనే తాళం తీసి దారం తెంపాడు. తన పేరూ, దాని కింది వాక్యాలూ విడగొట్టి, ఆ అక్షరాలతోనే ఆవిడ పేరు కూర్చాడు.

కార్డులు ఆరాక లైల్ ఏదో చెప్పబోయాడు. ఆర్విల్ చెయ్యెత్తి ఆపాడు.

"నీ కోసం కాదు. నేను పోయినప్పుడు నాది నువ్వే కూర్చు, ఆ లావువాటితోనే. పక్కన సాసేజ్ ధర కూడా వెయ్యి. ఎవడో ఒకడు ఆగి చదువుతాడు."