సముద్రం మావ రాయి

ఆ రోజుల్లో నా ఫోను తెర చిన్నది, నా గొప్పలు పెద్దవి. పలాసలో ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి కాబట్టి, ప్రపంచంలో నాకు తెలియనిది లేదని నా నమ్మకం. (కూర్చుని చేసిందల్లా పప్పు డబ్బాలకి చీటీలు అచ్చు వేయడమే. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.) వారానికోసారి మందస మీదుగా మా ఉద్దానం ఊరికి వచ్చి, ఇసకలో వెల్లకిలా పడుకుని, ఫోనులో సముద్రం మ్యాపు చూసేవాణ్ణి. ఓడలవాళ్లు వాడే మ్యాపు అది. ఎక్కడ ఎంత లోతో అంకెలుంటాయి, నీళ్ల కింద రాళ్లకి బుల్లి గుర్తులుంటాయి. కెరటాల చప్పుడు వింటూ ఆ నీలిరంగుని వేలితో తోస్తుంటే నేనే ఎక్కడికో తేలిపోతున్నట్టుండేది. ఈత మాత్రం రాదు.

మా కొబ్బరితోట చివరనే సముద్రం మావ పడవ ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, ఊరందరికీ ఆయన మావే. వేటలో ఆయనకి సాటి లేరు, ఎందుకంటే ఆయనకో రాయి ఉంది. నీళ్ల అడుగున, చేపలు గుంపులుగా చేరే రాయి. దాన్ని పట్టుకునే కిటుకు మా తోటలోనే ఉందని తుఫాను తర్వాతగానీ నాకు తెలీలేదు. పడవలోంచి వెనక్కి చూస్తే మా జంట కొబ్బరిచెట్ల మధ్య మహేంద్రగిరి కొమ్ము కనపడాలి. ఆ వరస తప్పకుండా పోతూ, తాడుకి కట్టిన సీసపు గుండు జారవిడిస్తే ఒక చోట రాయి తగులుతుంది. పెద్ద తుఫాను ఆ తోటనంతా పడుకోబెట్టేసింది. మేం చెట్ల కోసం ఏడ్చాం, మావ రాయి కోసం ఏడ్చాడు. మోళ్ల దగ్గర వెదుళ్లు పాతి చూశాడు, గాలి ఉంచలేదు. ఆర్నెల్లపాటు ఖాళీ వలతోనే తిరిగొచ్చాడు.

"నీ రాయి నా ఫోనులో ఉంటది మావా," అన్నాను ఓ శనివారం.

"సముద్దరవంతా ఇందులో ఎలా పట్టిందిరా అల్లుడా?" అన్నాడు ఫోను అటూ ఇటూ తిప్పి చూస్తూ. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. ఆ నమ్మకమే నన్ను ముంచింది.

మర్నాడు తెల్లారగానే బయల్దేరాం. ఫోను తడవకుండా ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పప్పు కవర్లో పెట్టి మూతి కట్టాను. (నా తెలివికి నేనే మురిసిపోయాను.) తీరా లోపలికెళ్లాక చూస్తే, మ్యాపు చిన్నది చేస్తే అంకెలన్నీ మాయం, పెద్దది చేస్తే ఒట్టి నీలం. ఇంతలో కవరు తడిసి, దాని మీద వేలు పనిచేయడం మానేసింది. ఆ నీలం మధ్యలో మా పడవ గుర్తు, దానికి కాస్త ముందు ఓ గోధుమరంగు చుక్క! "రాయి! రాయి మావా! అర కిలోమీటరు కూడా లేదు!" అని అరిచాను. మావ చుక్కాని తిప్పాడు. ఆ పూట కెరటమన్నది లేదు, పల్చటి మంచులో నీళ్లెక్కడ ఆగి ఆకాశమెక్కడ మొదలైందో తెలీలేదు. పావుగంట పోయాక చూస్తే చుక్క ఇంకా అర కిలోమీటరు ముందే ఉంది. అరగంటకీ అంతే.

"ఇదేటి రాయిరా, మనకన్నా బేగి ఎలతంది?"

"నీటి వాలు లాగుతున్నట్టుంది మావా." (రాయిని నీటి వాలు లాగడం! చదువుకున్నవాణ్ణి కదా.)

గంట దాటాక మావ ఇంజను ఆపి, ఫోను అందుకుని, కవరు మీద గోటితో టకటకా కొట్టాడు. రాయి జారి మూలకి పోయింది. మూతి విప్పి, దాన్ని వేలికి అంటించుకుని, వెలుగులో పట్టి చూశాడు. జీడిపప్పు మీద పొట్టు.

సముద్రంలో దూకేద్దామనుకుని, ఈత రాదని గుర్తొచ్చి ఆగాను. మావ మాత్రం పడవ ఊగేలా నవ్వాడు. తుఫాను తర్వాత ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగాడు. మంచు విడి కొండ కనిపిస్తోంది, దాని కింద ఒడ్డంతా బోడిగా ఉంది.

"మీ అయ్యతో సెప్పు అల్లుడా. ఆ రెండు మోళ్ల కాడే రెండు మొక్కలెయ్యాల. నీళ్లు నాను పోత్తాను."

"అవి ఎదిగేసరికి ముసిలోడివైపోతావు మావా!"

"అయితే ఏటి? రాయి ఎక్కడికి పోద్ది? అది నీ ఫోనులో రాయి కాదు."

అన్నంత పనీ చేశాడు. ఎండాకాలం కావిడితో నీళ్లు మోశాడు, మేకల్ని తరిమాడు, మా నాన్న మర్చిపోయినా ఆయన ఎరువు వేశాడు. ఇప్పుడు నా ఫోను తెర అరచేయంత ఉంది, నా కళ్లకి అద్దాలొచ్చాయి, మావకి చూపు మందగించింది. మొన్నామధ్య ఇద్దరం మళ్లీ పడవెక్కాం. సీసపు గుండు ఒళ్లో పెట్టుకుని, "ఎనక్కి సూడరా, అవుపడతన్నాయా?" అని దారంతా ప్రాణం తీశాడు. చూశాను. మహేంద్రగిరి కొమ్ముకి అటొకటి ఇటొకటి, రెండు సన్నటి మచ్చలు. కానీ మచ్చల విషయంలో నాకు పాత అనుభవం ఉంది కదా. అద్దాలు తీసి, చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాను. మచ్చలు పోలేదు.

"అవుపడతన్నాయి మావా," అన్నాను.

"అద్దాలు తుడిసే సెప్తన్నావా?" అని, నా జవాబు కోసం ఆగకుండానే, మావ గుండు నీళ్లలోకి జారవిడిచాడు.