గట్లు పేలిన రోజున టైము చెప్పిన మనిషి

సెక్రటరీ గారు పోయారన్న కబురు మా చెరువు యజమాని సెల్లుకి వచ్చింది. అప్పుడు నేను చేపల మేతకి తవుడు సంచులు నింపుతున్నాను. ఆయన గట్టు మీద నుంచే కేకేశారు. "ఏవమ్మా, ఏలూర్లో మీ మిలటరీ సెక్రటరీ గారు పోయారంట. గుండెపోటంట. భీమడోలు నాయక్ గారు ఫోన్ చేశారు." అంతే చెప్పి, ఐసు లారీ ఇంకా రాలేదని ఎవరి మీదో విసుక్కుంటూ వెళ్ళిపోయారు.

నిజమే చెబుతాను, మీరేమనుకున్నా సరే. నాకు ముందు ఏడుపు రాలేదు. మా అబ్బాయి కాగితాలు ఆయన బీరువాలో ఉన్నాయి కదా, ఆ తాళం ఇప్పుడు ఎవరి దగ్గరుందో అనుకున్నాను. నాలుగు రోజుల్లో మెడికల్ బోర్డు. మనిషి పోతే తాళం గురించి దిగులుపడినదాన్ని నేను. ఇక్కడ ఇంకా కొందర్ని ఈసడించబోతున్నాను కాబట్టి, నాతోనే మొదలుపెట్టడం న్యాయం.

ఆయనది ఏలూరులో తివాచీలు నేసే కుటుంబం. మిలటరీలో చేరి హవల్దారుగా రిటైరై వచ్చారు. శ్రీలంకలో శాంతి నిలబెట్టి రమ్మని మనవాళ్ళని పంపారు కదా, ఆ శాంతి సేనలో ఆయనా వెళ్ళారు, మావాడూ వెళ్ళాడు. తిరిగొచ్చాక ఎవరూ పట్టించుకోని వాళ్ళని ఆయన ఊరూరా సైకిలు మీద తిరిగి వెతికి, ఒక సంఘం పెట్టి, దానికి సెక్రటరీగా ఉన్నారు. భీమడోలు, తాడేపల్లిగూడెం, జంగారెడ్డిగూడెం, మా కొల్లేటి ఊళ్ళు అన్నీ కలిపితే ఆయనతో సహా పదకొండు మంది. ఆఫీసంటే ఆయన ఇంటి వరండాయే. ఒక బీరువా, ఒక బల్ల, రెండు మంచి కుర్చీలు, కాలు విరిగితే తాడుతో కట్టిన కుర్చీ ఒకటి. ఆ విరిగిన దాంట్లో ఎప్పుడూ ఆయనే కూర్చునేవారు. అర్జీ పెట్టుకోవడానికి వచ్చినవాడు కిందపడితే బాగుండదు కదండీ అనేవారు.

సంఘానికి ప్రెసిడెంటు గారని ఒక పెద్దమనిషి కూడా ఉన్నారు, తాడేపల్లిగూడెంలో. మిలటరీకీ ఆయనకీ ఉన్న సంబంధమల్లా పంద్రాగస్టు నాడు జెండా కింద నిలబడి ఫోటో తీయించుకోవడం. "ఈయనెందుకండీ మనకి?" అని ఒకసారి అడిగాను.

"ఉత్తరం మీద ఆయన పేరుంటే కవరు చింపుతారు అక్కగారూ. లోపలున్నది చదివించడం మన పని," అన్నారు.

మావాడి సంగతి చెప్పాలి. శ్రీలంక నుంచి వచ్చినప్పుడు వాడి ఒంటి మీద గీత కూడా లేదు. ముందు నడుస్తున్న స్నేహితులిద్దరూ మందుపాతర మీద కాలు వేశారు. వెనకున్న వీడి మీద మట్టి మాత్రం పడింది. ఆ మట్టి ఇన్నేళ్ళయినా దులుపుకుంటూనే ఉండేవాడు, లేని మట్టిని, భుజాల మీద నుంచి. లారీ టైరు పేలినా సరే, ఎక్కడుంటే అక్కడ నేల మీద బోర్లా పడిపోతాడు. లేచాక మూడు రోజులు మాటుండదు. తనే రాసిచ్చి మిలటరీ నుంచి వచ్చేశాడు. కట్టుకున్న పిల్ల ఏడాది ఓర్చుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లని నేను తప్పు పట్టను. చెరువు మీద కాపలాకి పెట్టించాను. నేను పోతే వీణ్ణి ఎవరు చూస్తారన్నదే నా దిగులు. అన్నం తింటున్నా అదే, నీళ్ళు తోడుతున్నా అదే.

'ఈ జబ్బు శాంతి సేనలో పనిచేసినందువల్ల వచ్చింది' అని డాక్టర్లు ఒక్క వాక్యం రాసిస్తే చాలట. వాడు బతికున్నంతకాలం మిలటరీ ఆసుపత్రి వాళ్ళు చూస్తారట. ఆ ఒక్క వాక్యం కోసం సెక్రటరీ గారు నన్ను వెంటబెట్టుకుని ఎన్ని మెట్లు ఎక్కించారో.

ఒక ఆఫీసులో, పేరెందుకులెండి, అన్నిటికీ అదే మొహం, ఒక గుమాస్తా గారు మా కాగితం చదివి నవ్వారు. "శాంతికని వెళ్ళినవాడికి జబ్బేంటమ్మా? అదేమన్నా యుద్ధమా? తీర్థయాత్ర చేసొచ్చినట్టే కదా!" పక్క బల్ల ఆయన కూడా నవ్వారు. జీవితంలో పెన్ను జారితే వంగి తీసుకోవడం తప్ప ఏ కష్టమూ ఎరగని మొహాలు.

సెక్రటరీ గారు తిట్టినా అండీతోనే తిడతారు. "ఏవండీ, ఆ మాటే కాస్త కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇద్దురూ. అక్కడ చచ్చిపోయిన మావాళ్ళ ఇళ్ళకి పంపుకుంటామండి. అది యుద్ధం కాదటండీ, మీవాడు తీర్థానికెళ్ళి పోయాడటండీ అని చెప్పుకుంటాం."

గుమాస్తా గారి నవ్వు ఆగింది. కాగితం తీసుకుని ముద్ర వేశారు. మెట్లు దిగుతూ సెక్రటరీ గారు మామూలుగా, "ఒక్క ముడితో తివాచీ అవదు అక్కగారూ. ఇవాళ ఒక ముడి పడింది," అన్నారు. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అనేవారంటే, నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు అనేవాళ్ళు లేరు.

అలా రెండేళ్ళు ముళ్ళు వేస్తే మొదటిసారి బోర్డుకి పిలుపొచ్చింది. దాన్ని నేను చెడగొట్టాను.

పెద్ద డాక్టర్ల ముందుకి వెళ్తున్నాం కదా అని మావాడికి తలంటు పోశాను. గడ్డం గీయించాను. కొత్త చొక్కా కుట్టించి, ఇస్త్రీ చేయించాను. పెళ్ళిచూపులకి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాను. "తిన్నగా కూర్చో నాయనా, గౌరవంగా మాట్లాడు, చేతులు దులపకు," అని దారంతా చెప్పాను. లోపల డాక్టరు గారు వాణ్ణి అడిగారు, నిద్ర పడుతుందా అని. వాడు నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. "బాగా పడుతుందండి." భయాలేమన్నా ఉన్నాయా అన్నారు. "అబ్బే, మంచి ధైర్యస్థుడండి మావాడు." పిచ్చివాడని రాసేస్తారేమోనని నా భయం. వాళ్ళు నా మాటే రాశారు. ఏ జబ్బూ లేదు అని.

బయట బెంచీ మీద కూర్చున్న సెక్రటరీ గారు ఆ కాగితం చదివి, మడిచి, సంచీలో పెట్టుకున్నారు. రైల్లో భీమడోలు దాకా మిగతావాళ్ళ కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నారు. నేనే ఉండబట్టలేక, "తిట్టండి బాబూ, నాలాంటి బుద్ధిలేనిదాన్ని నాలుగు తిట్టండి," అన్నాను.

"మిమ్మల్నెందుకండీ తిట్టడం? ఎవరడిగినా బాగున్నామని చెప్పడమే మనకి నేర్పారు. నేనూ అదే చెబుతాను," అన్నారు. తర్వాత వారమే కొత్త అర్జీ రాసి పట్టుకొచ్చారు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పేల్చేసిన రోజులు ఆ తర్వాతే వచ్చాయి. సరస్సుని ఆక్రమించి కట్టినవని, ప్రభుత్వం వాళ్ళు మందు పెట్టి గట్లు పేలుస్తారని ముందే దండోరా వేశారు. ఊరంతా చెరువుల కోసం ఏడుస్తోంది. నాది వేరే ఏడుపు. మొదటి పేలుడికే మావాడు పాకలో మంచం కిందకి దూరి, నేలని గోళ్ళతో పట్టుకున్నాడు.

పొద్దున పది దాటాక సెక్రటరీ గారి సైకిలు బెల్లు వినబడింది. ఏలూరు నుంచి ఆ ఎండలో తొక్కుకుంటూ వచ్చారు. నేరుగా పాకలోకి రాలేదు. పేల్చేవాళ్ళ దగ్గరకెళ్ళి, ఏ గట్టు ఎన్నింటికి పేలుస్తారో అడిగారట. ఒక ఆఫీసరు గారు, "ఎందుకయ్యా, ముహూర్తం పెట్టుకుంటావా?" అని ఎగతాళి చేశారట. మందు కూరే కూలీ ఒకాయన చాటుగా పిలిచి టైములు చెబితే, సెక్రటరీ గారు అవి అరచేతిలో పెన్నుతో రాసుకుని వచ్చారు.

వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. వాచీ విప్పి ఎదురుగా పెట్టుకున్నారు. నా కొడుకుని ఆయన ఎన్నడూ నువ్వు అనలేదు. "ఇంకో ఆరు నిమిషాలకి ఒకటుందండి. అది చెరువు గట్టండి. ఒట్టి మట్టి. అక్కడ మనుషులెవరూ లేరండి." మళ్ళీ, "ఇంకో నిమిషం." మళ్ళీ, "ఇప్పుడండి." ఢామ్మని పేలేది. "అయిపోయిందండి. మనుషులెవరూ లేరు. తర్వాతది పావుగంటకి."

సాయంత్రం దాకా అదే. మధ్యాహ్నానికి మావాడు మంచం కింద నుంచి తల బయటపెట్టాడు. సాయంత్రానికి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. నేను ఇద్దరికీ టీ ఇచ్చాను. సెక్రటరీ గారి చేతిలో గ్లాసు ఎంత వణికిందంటే, సగం టీ ఆయన పంచె మీదే పోయింది. అప్పుడు తెలిసింది, ఆయనకీ అదే జబ్బని.

"మీ అర్జీ ఏదండీ?" అని అడిగాను.

"ముందు వీళ్ళవి అవనివ్వండి," అని గ్లాసు కింద పెట్టేశారు. ఆ రోజు కొల్లేటి ఊళ్ళల్లో ఉన్న ఇంకో ముగ్గురికి కూడా ఆ టైములు చెప్పి పంపారు, ఊరూరికీ మనిషిని పెట్టి. ఇదంతా ఆయనకి ఎవరో చెప్పిన పని కాదు.

ఆయన పోయిన రోజే నేనూ మావాడూ ఏలూరు వెళ్ళాం. అన్నీ అయ్యాక నేను తాళం మాట ఎలా ఎత్తాలా అని నసుగుతుంటే, ఆయన భార్య నా మొహం చూసే లేచి బీరువా తీశారు. "మీ అబ్బాయిది మొన్ననే పైన పెట్టారక్కా. ముందు దీని తేదీ ఉందన్నారు." దాని కిందనే ఆయన సొంత అర్జీ ఉంది. అన్ని గళ్ళూ నింపి ఉన్నాయి, సాక్షి సంతకం గడి తప్ప. నేను చూశాను కదా ఆ చేతి వణుకు. నాకు సంతకం పెట్టడం వచ్చు కదా. ఆయన అడగలేదు, నేను పెడతానని అనలేదు.

బోర్డుకి సంఘంలోని భీమడోలు నాయక్ గారు తోడొచ్చారు. ఈసారి తలంటు పోయలేదు, గడ్డం గీయించలేదు, రోజూ చెరువు మీద వేసుకునే చొక్కాతోనే తీసుకెళ్ళాను. లోపల అదే ప్రశ్న. నిద్ర పడుతుందా? నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మావాడు భుజాల మీద లేని మట్టి దులుపుకుంటున్నాడు. నా ప్రాణం పోతోంది. ఆఖరికి, "పక్కన టైము చెప్పేవాళ్ళుంటే పడుతుందండి," అన్నాడు.

"టైమంటే?" అన్నారు డాక్టరు గారు.

అప్పుడు చెప్పాడు. గట్లు పేలిన రోజు సంగతి, దాంతోపాటు శ్రీలంకలో ముందు నడిచిన ఇద్దరి సంగతి. నా దగ్గర ఎన్నడూ చెప్పనివి. ఫైల్లో సెక్రటరీ గారు ఆ రోజంతటినీ నిమిషాలతో సహా రాసి పెట్టిన కాగితం ఉంది. డాక్టరు గారు దాన్ని రెండుసార్లు చదివారు. నెల తిరక్కుండా ఆ వాక్యం రాసి ఉన్న కాగితం మా ఇంటికొచ్చింది. దాన్ని పట్టుకుని వరండాకి వెళ్ళి చూపించడానికి మనిషి లేరు.

ప్రెసిడెంటు గారికి తీరిక దొరికేదాకా ఆగి, నెల దాటాక సంతాప సభ పెట్టారు. ఆయన ఉపన్యాసం సంగతి ముందే చెప్పేస్తాను, గుర్తుంచుకోదగ్గదేమీ కాదు. మావాడి కాగితం తానే ఢిల్లీ దాకా మాట్లాడి తెప్పించానన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఫ్లెక్సీ మీద 'యుద్ధ వీరుడికి నివాళి' అని రాయించారు. యుద్ధం కాదని నవ్విన లోకమే ఇప్పుడు యుద్ధ వీరుడంటోంది. ఆ ఫ్లెక్సీలో పోయినాయన బొమ్మ అరచేయంత, ప్రెసిడెంటు గారి బొమ్మ నిలువెత్తు. బతికుండగా ఆయనకి ఒక కుర్చీ బాగుచేయించలేదు, పోయాక ఫోటోకి శాలువా కప్పారు. ఫోటోకి చలేస్తుందా?

అసలు ఘనకార్యం సభ మొదట్లోనే జరిగింది. ప్రెసిడెంటు గారి కారు రాగానే ఆయన మనుషులు స్వాగతమని సీమ టపాకాయల దండ వెలిగించారు. సంతాప సభకి, అందులోనూ ఈ సభకి. తెలియక చేశారని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆ పది మంది గురించి ఒక్క ముక్క తెలుసుకోవాలని ఎన్నడైనా అనుకుంటే తెలిసేది.

ముందు వరసలో పది మందీ ఒక్కసారిగా నేల మీదకి వెళ్ళిపోయారు. ప్రెసిడెంటు గారు మెట్లెక్కుతూ, "ఏంటయ్యా, కింద కూర్చున్నారు? కుర్చీలున్నాయిగా!" అన్నారు. నేను మావాడి కోసం వంగి చూశాను. వాడూ బోర్లానే ఉన్నాడు. ఒక చేత్తో నాయక్ గారి మణికట్టు పట్టుకుని, ఆయన వాచీకేసి చూస్తున్నాడు.

"సగం దండ అయిపోయిందండి. ఇంకో అర నిమిషం. టపాకాయలండి ఇవి, ఒట్టి కాగితం. అక్కడ మనుషులెవరూ లేరండి."

చప్పుడు ఆగింది. మావాడే ముందు లేచాడు. నాయక్ గారికి చెయ్యిచ్చి లేపి, ఆయన చొక్కా మీదున్న మట్టి దులిపాడు, తర్వాత ఆ పక్కాయనది, ఆ తర్వాత ఇంకొకరిది. వాడి చొక్కా నిండా కూడా మట్టే. అది మాత్రం దులుపుకోలేదు.